ముందే చేసిన సంతకాలు

ఉదయం ఆరు గంటల పన్నెండు నిమిషాలు. ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, మంగళవారం. గడ్డకట్టే స్థాయికి ఆరు డిగ్రీల దిగువన చలి. గాలి లేదు. తెల్లవారుజామున కురిసిన సన్నని వాన రోడ్డు మీద పలచని అద్దంలా బిగుసుకుంది. మంచు కరగడానికి ఉప్పు చల్లే బండి నాలుగున్నరకే ఒక చుట్టు తిరిగి వెళ్లింది కనుక బడికి సెలవు ప్రకటించలేదు. కేన్ లిక్ కౌంటీ బడి బస్సుల షెడ్డు ముందు ఇమోజీన్ టాకెట్ కారు ఆపి, దీపాలు ఆర్పకుండానే దిగింది. ఆమె కోటు లోపల, ఛాతీకి అదిమిపట్టిన నోటు పుస్తకం ఉంది.

కిందటి భాగంలో ఆమెను మనం వంటగది బల్ల దగ్గర, ఆ పుస్తకంలోని ఒకే ఒక పంక్తి మీద వేలు పెట్టి కూర్చోగా వదిలి వచ్చాం. ఆ పంక్తి వెనక ఉన్నదంతా ఒక మర్యాద నుంచి పుట్టింది. అది ఎలా జరిగిందో వరుసగా చెప్పుకోవడం అవసరం.

ఆ ముందటి ఏడాది రాష్ట్రం ఒక నియమం తెచ్చింది. ప్రభుత్వ జీతం తీసుకునేవారైనా, ప్రభుత్వ సాయం తీసుకునేవారైనా, మూత్రం ఇచ్చి తమ ఒంట్లో మత్తు లేదని నిరూపించుకోవాలి. కౌంటీ ఆరోగ్య కార్యాలయంలో నలభై ఏళ్లుగా నర్సుగా ఉన్న ఇమోజీన్‌కు నమూనాలు సేకరించే పని అప్పగించారు. పద్ధతి కచ్చితమైనదే. మనిషి కప్పు నింపి తెస్తాడు. అతని కళ్లెదుటే దాన్ని రెండు సీసాల్లో పోసి, మూతల మీద నంబరు ఉన్న సీలు కాగితం అంటిస్తారు. ఆ కాగితం మీద అతను సంతకం చేస్తాడు. సంతకం చివరన రావాలి. నియమానికి ప్రాణం అక్కడే ఉంది.

నవంబరులో ఒక శుక్రవారం కోర్టు భవనం నేలమాళిగలో నలభై ముగ్గురు మెట్ల మీద వరుసకట్టారు. గదిని వెచ్చబరిచే యంత్రం చెడిపోయింది. సాయంత్రం చర్చిలో చిక్కుడు గింజల విందు. అరవైమందికి మొక్కజొన్న రొట్టె చేయవలసింది ఇమోజీనే. అందుకని ఆమె ఒంటిగంటకు సీలు కాగితాల కట్ట పట్టుకుని వరుస వెంట నడిచి, అందరిచేతా ముందుగానే సంతకాలు చేయించి, వాటిని బల్ల అంచుకు వరుసక్రమంలో అంటించుకుంది. అందరూ తెలిసినవాళ్లు. సగంమందికి చిన్నతనంలో సూదులు వేసింది ఆమే. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పని త్వరగా తెములుతుందని సంతోషించారు కూడా.

వరుసలో పదిహేడవ మనిషి కోరీన్ మలిన్స్. ఇరవై ఏడేళ్ల మనిషి, ఇద్దరు ఆడపిల్లల తల్లి, సాయం కోసం దరఖాస్తు పెట్టుకున్నది. పద్దెనిమిదవవాడు డెల్మర్ రాట్లిఫ్, బడి బస్సు డ్రైవరు. రెండుంబావుకు అతను మళ్లీ బస్సెక్కాలి. అతను గడియారం చూసుకోవడం కోరీన్ గమనించింది. "నువ్వు ముందెళ్లు డెల్మర్, పిల్లలు ఎదురు చూస్తుంటారు," అని పక్కకు జరిగింది. ఇమోజీన్ చేయి బల్ల అంచున తరువాతి కాగితాన్ని, చదవకుండా, పీకింది.

అతని సీసా మీద కోరీన్ సంతకం. కోరీన్ సీసా మీద అతని సంతకం.

డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. కోరీన్ పేరు మీద నొప్పి మాత్రల మత్తు ఉన్నట్టు తేలింది. ఆమె గోలపెట్టి రెండో సీసా పరీక్షించమంది. ఒకే కప్పులోంచి పోసిన రెండో సీసా మరోమాట ఎలా చెబుతుంది? జనవరిలో కొత్తగా పరీక్ష ఇచ్చి నెగ్గింది. అది జనవరికే రుజువు, నవంబరుకు కాదన్నారు. ఆమె పిల్లలను, తొమ్మిదేళ్ల మేబెల్‌ను, ఆరేళ్ల ఓపల్‌ను, కౌంటీ వాళ్లు డిసెంబరులోనే లోయ పైకొసనున్న ఒక కుటుంబానికి అప్పగించారు. ఆ ఇల్లు పద్నాలుగో నంబరు బస్సుకు మొదటి స్టాపు. పద్నాలుగో నంబరు బస్సు డెల్మర్‌ది.

సోమవారం సాయంత్రం వేరే పని మీద పాత నోటు పుస్తకం తెరిచినప్పుడు ఇమోజీన్ కంటబడింది తన చేతిరాతే: పదిహేడు, డి.రా., ఒకటి యాభై రెండు, కప్పు వేడి తొంభై నాలుగు. కాగితాన్ని చదవని కళ్లు మనిషిని చూశాయి. చేయి చూసినదాన్ని రాసింది. రాత్రంతా ఆ ఇద్దరి వరుస మారిన క్షణాన్ని గుర్తు చేసుకుంటూ ఆమె మేలుకునే ఉంది.

తెల్లవారుజామున ఆమె రెండు ఫోన్లు చేసింది. బస్సుల అధికారి ఎత్తలేదు. రెండోది, అయిదు గంటల ఇరవై నిమిషాలకు, కోరీన్‌కు. నష్టపోయిన మనిషికి నిజం మొదట తెలియాలన్నది ఇమోజీన్ నమ్మకం. కోరీన్ తన తండ్రి హోబర్ట్ ఇంట్లో ఉంటోంది. గనిలో ముప్పై ఏళ్లు యంత్రాల మోత విని సగం చెవుడు వచ్చిన హోబర్ట్ కోసం ఆ ఇంటి ఫోను శబ్దం ఎప్పుడూ చివరిదాకా పెంచి ఉంటుంది. అవతలి మనిషి మాట వసారాలోకి కూడా వినిపిస్తుంది. ఈ సంగతి ఇమోజీన్‌కు తెలుసు. ఆ సమయంలో గుర్తు రాలేదు.

బస్సు ఆరు గంటల యాభై నిమిషాలకు కదులుతుంది. షెడ్డులో ఉన్నది డెల్మర్ ఒక్కడే.

ఇంజిను అప్పటికే తిరుగుతోంది. డెల్మర్ టైరు కర్ర పట్టుకుని వెనక చక్రాలను ఒక్కొక్కటే కొట్టి శబ్దం వింటున్నాడు. నలభై ఆరేళ్ల భారీ మనిషి. నడుము కొంచెం ఎడమకు వంగి ఉంటుంది. గని పైకప్పు కూలినప్పటి దెబ్బ అది.

"ఏంటి మిస్ ఇమోజీన్, మళ్లీ కప్పు పట్టుకొచ్చారా? ఇప్పుడు నా దగ్గర చుక్క లేదు, ఉన్నదంతా కాఫీయే!"

"కప్పు తేలేదు నాయనా. పుస్తకం తెచ్చాను."

"పొద్దున్నే బైబిలు పాఠమా? ఆదివారం రాలేదని ఇక్కడికొచ్చి మరీ కొడతారా ఏంటి?"

"దీపం కిందకి రా డెల్మర్. నీ మొహం చూడనీ."

అతను నవ్వుతూనే వచ్చాడు. ఇమోజీన్ అతని మొహం చూడలేదు, కళ్లు చూసింది. ఆ దీపం మసకది, షెడ్డులో సగం చీకటి. అంత చీకట్లో ఎవరి కంటిపాపలైనా విచ్చుకుని ఉండాలి. అతనివి గుండుసూది మొనల్లా ఉన్నాయి.

"ఇవాళ ఎన్ని వేసుకున్నావు?"

"ఏంటవి?"

"నాతో ఆటలొద్దు. ఆరేళ్లప్పుడు సూదికి భయపడి నా బల్ల కింద దూరినవాడివి. ఎన్ని?"

నవ్వు ఆగింది. "నడుం నొప్పికి ఒకటి. ఒకటే. దాంతో నాకేం కాదు. పదకొండేళ్లుగా ఈ దారిలో ఒక్క కుక్కని కూడా గుద్దలేదు నేను. అయినా నా పరీక్ష వచ్చింది కదా, పాసయ్యాను కదా. కాగితం కావాలంటే చూపిస్తా."

"నువ్వు పాసవ్వలేదు. కోరీన్ పాసయింది, నీ పేరు మీద."

ఆమె పుస్తకం తెరిచి ఆ పంక్తి చూపించింది. అతను వంగి చదివాడు. ఇంజిను మోతలో అతని పెదవులు కదలడం మాత్రమే కనిపించింది. రెండోసారి చదివాడు. ఇమోజీన్ ఎదురుచూసింది ఆశ్చర్యం కోసం. నలభై ఏళ్ల నర్సు పనిలో చెడ్డ వార్త విన్న మొహాలను ఎన్నో చూసింది. మొదటి క్షణంలో అందరివీ ఒకేలా ఖాళీ అవుతాయి. డెల్మర్ మొహం ఖాళీ కాలేదు. అలసిపోయింది.

"నీకు తెలుసు," అంది ఆమె.

అతను పక్కకు తిరిగి ఒక చక్రాన్ని మళ్లీ కొట్టాడు.

"ఎప్పట్నుంచి?"

"నాకేం తెలీదు."

"డెల్మర్!"

"పదకొండు రోజులు!" అని అరిచాడు. "పదకొండు రోజులు ఫోను మోగిన ప్రతిసారీ బాత్రూంలోకెళ్లి వాంతి చేసుకున్నా. దొరికిపోతానని తెలుసు నాకు. ఆ పొద్దున కూడా వేసుకునే వచ్చా, ఎలా దొరక్కుండా ఉంటా? తర్వాత ఉత్తరం వచ్చింది. శుభ్రం అని. దేవుడు ఈసారికి నన్నొదిలేశాడనుకున్నా మిస్ ఇమోజీన్. నిజంగానే మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెట్టుకున్నా. ఇక మానేస్తానని ఒట్టేసుకున్నా."

"మరి?"

"తొమ్మిది రోజులు మానేశా."

"కోరీన్ సంగతి?"

అతను టైరు కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "పిల్లల్ని తీసుకెళ్లారని విన్నరోజు లెక్క కుదిరింది. వరుసలో నన్ను ముందుకు పంపింది ఆవిడే. ఇంకెవరూ లేరు."

"ఆ పిల్లల్ని రోజూ నువ్వే ఎక్కించుకుంటున్నావు."

"చిన్నది నాకు రోజూ బొమ్మ వేసిచ్చేది. ఇంటి బొమ్మ. అన్నిట్లోనూ వాళ్లమ్మ కిటికీలో నిలబడుంటుంది," అన్నాడు డెల్మర్. "ఇప్పుడు వెయ్యట్లేదు."

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. ఇమోజీన్ ఆ షెడ్డుకు శిక్షించడానికి రాలేదు. తప్పు తనదని ఆమెకు అందరికంటే బాగా తెలుసు. ఆధారం కళ్లెదుట పెడితే డెల్మర్ తలవంచుతాడనీ, తాళంచెవి ఇచ్చేస్తాడనీ, ఇద్దరూ కలిసి ఎనిమిదింటికి కౌంటీ కార్యాలయంలో నిలబడతారనీ ఆమె అనుకుంది. తెలిసినవాళ్ల సంతకాలు ముందే తీసుకున్న మనిషి ఆలోచన అది. నవంబరులో ఏ నమ్మకం ఆమెను తప్పుదారి పట్టించిందో, ఫిబ్రవరిలోనూ అదే నమ్మకం ఆ పుస్తకాన్ని, నకలు తీయకుండా, ఒంటరిగా ఇక్కడికి మోసుకొచ్చింది.

"తాళం ఇవ్వు," అంది చేయి చాపి.

"బస్సు పోతే నా ఇన్సూరెన్స్ పోతుంది. మా ఆవిడ లూసిల్‌కి వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించాలి. ఇన్సూరెన్స్ లేకపోతే నెల బతుకుతుందా? మీరు నర్సు, మీరే చెప్పండి. ఎన్నాళ్లు?"

ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. "రెండు వారాలు."

"మరి ఆ మాట తెలిసీ వచ్చారా?"

"తెలిసే వచ్చాను. లూసిల్ కోసం ఇద్దరం కలిసి ఏదో ఒకటి చేద్దాం. ముప్పై ఒక్కమంది పిల్లల్ని మాత్రం నీ చేతికి వదలను. రోడ్డు చూశావా? గాజు పలకలా ఉంది."

"ఇంకెవరికి చెప్పారు?"

ఆమె ఒక్క క్షణం ఆలస్యం చేసింది. ఆ ఆలస్యాన్ని అతను మరోలా అర్థం చేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదనుకున్నాడు.

అతను టైరు కర్రను చక్రానికి ఆనించాడు. అతని చేయి పుస్తకం మీదకు వచ్చింది. ఇమోజీన్ వదల్లేదు. అరవై ఒక్క ఏళ్ల వేళ్లు అట్ట అంచును కరిచి పట్టుకున్నాయి. అతను లాగాడు, ఆమె కూడా పుస్తకంతోపాటే రెండడుగులు జారింది. "వదలండి మిస్ ఇమోజీన్, వదలండి!" అని బతిమాలుతూనే ఆమె కుడి మణికట్టును రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పాడు. ఎండు కొమ్మ తొక్కినట్టు చప్పుడైంది. ఏ ఎముక విరిగిందో ఆమెకు తెలుసు; బొటనవేలి వైపుది, మణికట్టుకు రెండంగుళాల పైన. ఆ జ్ఞానం ముందు వచ్చింది, నొప్పి తరువాత వచ్చింది. మోకాళ్ల మీద పడింది.

డెల్మర్ తన చేతుల వంక చూసుకున్నాడు. "అయ్యో," అన్నాడు. "అయ్యో, చూడండి ఏం చేయించారో!"

షెడ్డు మూల వాడేసిన ఇంజిను నూనెతో మండే పీపా పొయ్యి ఉంది. అతను బూటు కొనతో దాని తలుపు తెరిచి, పుస్తకాన్ని లోపలికి విసిరాడు. అట్ట ముడుచుకుంది. ఆ పేజీ ఎక్కడుందో తెలిసిన ఇమోజీన్ ఎడమచేతి మీద పాకుతూ పొయ్యి దాకా వెళ్లి చేయి లోపల పెట్టింది. అతను ఆమె కోటు మెడ పట్టుకుని వెనక్కి ఈడ్చాడు. తల బస్సు బంపరుకు తగిలింది. రెండు పేజీల మూలలు మాత్రం ఆమె వేళ్ల మధ్య మిగిలాయి. వాటి మీద అంకెల్లేవు.

"పిచ్చి ముసల్దానా! కాలిపోతావు!" అని అరిచాడు. ఏడుస్తున్నాడు. అదే సమయంలో ఆమె కాలిన వేళ్ల మీద పక్కనున్న డబ్బాలోంచి చల్లటి నీళ్లు పోశాడు. ఒకే మనిషి ఒకే నిమిషంలో చేయి విరవడమూ నీళ్లు పోయడమూ చేయగలడని ఇమోజీన్ అంతకుముందు ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడు షెడ్డు బయట ఒంటి దీపపు వెలుతురు మంచులో ఊగింది.

హోబర్ట్ మలిన్స్ పికప్‌కు కుడివైపు దీపం రెండేళ్లుగా వెలగదు. గేటు దగ్గర అది జారి, కంచెను రాసుకుని, ఏటవాలుగా ఆగింది. హోబర్ట్ దిగాడు. అరవై మూడేళ్లు, బొగ్గు దుమ్ము తినేసిన ఊపిరితిత్తులు. ఇరవై అడుగులు నడిస్తే నిలబడి గాలి పీల్చుకోవాలి. అతను నిలబడలేదు. చేతిలో గొడ్డలి పిడి ఉంది, గొడ్డలి లేని పిడి.

"హోబర్ట్, ఆగు!" అంది ఇమోజీన్ నేల మీదనుంచే.

అతను ఆమె చేతిని చూశాడు. వంకర తిరిగిన మణికట్టును చూశాడు. "వీడేనా విరిచింది?"

"నేను చెప్పేది విను..."

"ఆడదాని చెయ్యి విరిచావట్రా?" హోబర్ట్ గొంతు పెద్దది కాదు, ఊపిరి చాలదు. "నా కూతురి ఒళ్లోంచి పిల్లల్ని లాక్కున్నది చాల్లేదా?"

"హోబర్ట్, నేను లాక్కోలేదు, కౌంటీ వాళ్లు..."

"రెండు నెలలు. చర్చిలో నా వెనక బెంచీలో కూర్చున్నావు. నా కూతురి కోసం ప్రార్థన చేద్దామని పాస్టరు లేచినప్పుడు నువ్వు కూడా తలొంచావు. నేను చూశాను."

"అవును," అన్నాడు డెల్మర్. "వంచాను."

మొదటి దెబ్బ మెడకూ భుజానికీ మధ్య పడింది. డెల్మర్ భుజం ఎముక విరిగి, చొక్కా కింద గుడారంలా లేచింది. ఎడమచేయి వేలాడిపోయింది. రెండో దెబ్బ మోకాలి పక్కన. అతను బస్సు పక్కకు ఒరిగి, అద్దం పట్టుకుని నిలబడ్డాడు. అద్దం ఊడి చేతికి వచ్చింది. మూడో దెబ్బకు హోబర్ట్ పిడి ఎత్తాడు కానీ ఊపిరి అందలేదు. వంగి దగ్గాడు. సిమెంటు నేల మీద నల్లటి కఫం పడింది. "లేవరా," అన్నాడు దగ్గు మధ్యలో, నిలబడే ఉన్న మనిషితో. "లే. పడుకున్నవాణ్ని నేను కొట్టను."

"నేను పడుకోలేదు హోబర్ట్. నువ్వింటికెళ్లిపో. దండం పెడతాను, వెళ్లిపో."

"నా మనవరాళ్లు ఎక్కే బస్సిది."

"నాకు తెలుసు."

"వాళ్లని ముట్టుకోకు."

"నేనెప్పుడూ వాళ్లకి..."

హోబర్ట్ పిడి ఎత్తి మీదికి వచ్చాడు. డెల్మర్ అద్దం వదిలేసి, చక్రానికి ఆనించి ఉన్న టైరు కర్రను కుడిచేత్తో అందుకున్నాడు. అతను దాన్ని గురిచూసి తిప్పలేదు. మొహానికి అడ్డం పెట్టుకోవడానికి ఎత్తాడు, ఎత్తిన చేయి భయంతో ముందుకు సాగింది. ఆ కర్ర చివర సీసం పోసి ఉంటుంది, గాలి తగ్గిన టైరు చప్పుడులో తేడా తెలియాలని. అది హోబర్ట్ ఎడమ కణత మీద తగిలింది. తగిలిన చప్పుడు గాలి నిండిన టైరు చప్పుడులాగే ఉంది. హోబర్ట్ టోపీ ఎగిరిపోయింది. అతను ముందు కూర్చున్నాడు, ఆలోచిస్తున్నవాడిలా. తరువాత పక్కకు ఒరిగాడు.

రక్తం చెవి ముందునుంచి, ఒక్కో నాడికి ఒక్కో చిమ్ముగా, లేచింది. కణత మీది ధమని. ఇమోజీన్ పాకుతూ వెళ్లింది. ఎడమచేతి కాలిన వేళ్లతో తన మెడ గుడ్డను ఉండచేసి, దాని మీద అరచేయి పెట్టి, ఒంటి బరువంతా వేసింది. చిమ్ము ఆగింది. చేయి కొంచెం సడలిస్తే మళ్లీ లేచింది. అదిమింది. ఆగింది.

"డెల్మర్! ఫోను చెయ్యి. అంబులెన్సు!"

అతను కర్ర వదిలేశాడు. అది దొర్లుకుంటూ పొయ్యి దాకా వెళ్లింది.

"డెల్మర్, నా మాట వినపడుతోందా?"

అతను షెడ్డు గోడ మీది గడియారం చూస్తున్నాడు. ఆరు నలభై నాలుగు. ఇమోజీన్ ఆ చూపును గుర్తుపట్టింది. నవంబరులో మెట్ల మీద ఆ వరుసలో నిలబడి అతను చూసిన చూపే.

"పిల్లలు," అన్నాడు డెల్మర్. "చలిలో ఎదురు చూస్తుంటారు."

"ఇవాళ బస్సు లేదు! కూర్చో. నీ భుజం ఎముక విరిగింది. కూర్చో నాయనా."

"చిన్నదానికి చేతి తొడుగులు కూడా లేవు. నిన్న చూశా. ఇవాళ మా ఇంట్లోవి తెచ్చా." జేబులోంచి ఎర్ర ఊలు తొడుగుల జత తీసి చూపించాడు. వాటి మీద రక్తం అంటింది. తుడవబోయి, ఇంకా పూసుకున్నాడు. "ఆలస్యం అవుతోంది."

అతను వేలాడే ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి చొక్కా గుండీల మధ్య దోపుకున్నాడు. విరిగిన మోకాలిని ఈడ్చుకుంటూ బస్సు మెట్టు పట్టుకున్నాడు. అరిచాడు. ఎక్కాడు. అది క్రూరత్వం కాదని ఇమోజీన్ గ్రహించింది. అతనిలో మిగతాదంతా కూలిపోగా పదకొండేళ్ల అలవాటొకటి నిలబడి ఉంది, అదే లేచి బస్సెక్కింది. దానికి భార్య లేదు, కోరీన్ లేదు, రక్తం లేదు. ఆరు యాభై మాత్రమే ఉంది. ఆ అలవాటు చేతిలో ఒక్క చేయి, ఒక్క కాలు, మాత్ర మత్తూ, గాజు రోడ్డూ, లోయ పక్కన కంచె లేని పదమూడు మలుపులూ ఉన్నాయి. మొదటి స్టాపు దగ్గర మేబెల్, ఓపల్ ఉంటారు.

బ్రేకులు గాలి వదిలిన చప్పుడు. గేటు సగం తెరిచి ఉంది. హోబర్ట్ పికప్ కంచె వైపు జారింది కనుక బస్సు పట్టేంత సందు మిగిలింది. ఆ సందును మూయగలిగేది ఒక్కటే. ఇమోజీన్ కారు, ఇంకా దీపాలు వెలుగుతూ, ఇరవై అడుగుల దూరంలో.

ఫోను ఆమె కారులో ఉంది. తాళంచెవులు కూడా.

"హోబర్ట్," అంది. "హోబర్ట్, విను. నీ చెయ్యి ఇటు ఇవ్వు. ఇక్కడ నొక్కి పట్టుకో."

అతను కళ్లు తెరిచాడు. ఒక కంటిపాప పెద్దదైంది. ఆమె అతని చేతిని తీసి తన చేతి కింద పెట్టింది. వేళ్లు ఒక క్షణం బిగిసి, జారిపోయాయి. మళ్లీ పెట్టింది. మళ్లీ జారాయి.

"కోరీన్‌కి చెప్పొద్దు," అన్నాడు హోబర్ట్.

"ఏం చెప్పొద్దు?"

"ఆ పిల్లలు ఎక్కే బస్సు..." ఊపిరి కోసం ఆగాడు. మాట పూర్తికాలేదు. బస్సు వెనక్కి కదులుతూ కుయ్ కుయ్ మంటోంది. హోబర్ట్ చెవుడుకు అది వినపడదు, కానీ నేల అదురు అతనికి తెలిసింది. అతని చూపు బస్సు చక్రాల వైపు తిరిగి, మళ్లీ ఆమె మొహం మీదకు వచ్చి, అక్కడే ఆగింది. ఆ చూపుకు అర్థం ఏమిటన్నది ఇమోజీన్ తన జీవితంలో మిగిలిన ప్రతి రోజూ ఆలోచించింది. వెళ్లమన్నాడని కొన్నాళ్లు అనుకుంది. వదలొద్దన్నాడని కొన్నాళ్లు.

నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా, రక్తం ఆగని గాయం మీదనుంచి ఆమె చేయి తీయలేదు.

బస్సు ముందు చక్రాలు గేటు వైపు తిరిగాయి. గడియారంలో ఆరు నలభై ఏడు.

ఇమోజీన్ టాకెట్ చేయి తీసి, లేచింది.

తన పిల్లల కోసమూ, చనిపోయిన తండ్రి కోసమూ కౌంటీ మీద కోరీన్ మలిన్స్ వేసిన దావా విచారణకు రావడానికి ఏడేళ్లు పట్టింది. కౌంటీ తరఫు న్యాయవాది ఇమోజీన్‌ను బోనులో నిలబెట్టి ఒకే ప్రశ్నను మూడు రకాలుగా అడిగాడు: బస్సుకు కారు అడ్డం పెట్టడానికి మీరు చేయి తీసిన క్షణంలో హోబర్ట్ మలిన్స్ ఊపిరి పీల్చుకుంటున్నాడా? మూడుసార్లూ ఆమె ఒకే సమాధానం చెప్పింది. పీల్చుకుంటున్నాడు.